ఐతానగర్ మేస్త్రి గారి షాపు: ఆయన పోయాక కూడా నా బండి అక్కడికే

తెనాలిలో టూవీలర్ ఎక్కడ చూపించాలని ఎవరడిగినా ఇన్నేళ్లూ నేను చెప్పింది ఒకటే, ఐతానగర్‌లో మేస్త్రి గారి దగ్గరికి వెళ్లండి అని. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన కొద్దిరోజులకే ఆయన పోయారు. గుండెపోటు. అప్పట్నుంచి మా స్టాఫ్ రూములోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అందరూ అడుగుతున్నారు, షాపు తీస్తున్నారా, ఎవరు చూస్తున్నారు, పని మునుపటిలాగే ఉంటోందా అని. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాస్తున్నా. షాపు ఉంది, ఆయన పెద్దబ్బాయి నడుపుతున్నాడు. నా యాక్టివాకి ఈ మధ్య మామూలు సర్వీసూ, బ్రేకుల పనీ అక్కడే చేయించాను, పని బాగుంది. నా మార్కులు 5కి 4. ఆయన ఉన్నప్పుడైతే 5కి 5 ఇచ్చేదాన్ని, ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

కానీ ముందు ఆయన గురించి రాయాలి. ఆ షాపులో ఇవాళ బాగున్నవన్నీ ఆయన అలవాటు చేసినవే. అదీకాక ఆయన గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు, షాపుకి బోర్డు కూడా లేదు. ఊళ్లో అందరికీ ఆయన మేస్త్రి గారే, అసలు పేరు నాకే చాలాకాలం తెలీదు.

నేను కొల్లిపర వైపు ఒక పల్లెటూరి ప్రభుత్వ బడిలో టీచర్ని. రోజూ రానూ పోనూ బండి మీదే. వానాకాలంలో ట్రాక్టర్లు రోడ్డు మీదికి తెచ్చిన బురద, ఎండాకాలంలో దుమ్ము, మధ్యలో బండి ఆగిపోతే నెట్టుకుంటూ వెళ్లడానికి దగ్గర్లో ఊరు కూడా ఉండదు. అందుకని బండి బాగుండటం నాకు సరదా కాదు, ఉద్యోగంతో సమానం. చాలా షాపుల్లో మనం బండి దిగి ఫలానా చప్పుడు వస్తోందని చెప్తుంటే వాళ్లు మన వెనక ఎవరైనా మగవాళ్లు వచ్చారా అని చూస్తారు, లేకపోతే సార్‌ని ఫోన్ చేయమనండి మేడమ్ అంటారు. ఆడవాళ్లు ఇది చదివితే నేను ఏం చెప్తున్నానో వెంటనే అర్థమవుతుంది. మేస్త్రి గారు ఒక్కసారి కూడా అలా అనలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు మావారు పక్కనే ఉన్నా, బండి నడిపేది ఎవరని అడిగి, నేనని చెప్పగానే నా వైపు తిరిగి నాతోనే మాట్లాడారు. చప్పుడు స్పీడులో వస్తోందా, ఆపి మళ్లీ తీసేటప్పుడు వస్తోందా, బ్రేకు వేస్తే మారుతోందా, బడికి వెళ్లేటప్పుడు ఎక్కువా, వచ్చేటప్పుడు ఎక్కువా అని ఒక డాక్టరు అడిగినట్టు అడిగారు.

ఆ చప్పుడు సంగతే చెప్తాను. అంతకుముందు వేరే ఊళ్లో ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే బెల్టు, రోలర్లు, క్లచ్ మొత్తం సెట్టు మార్చాలి, ఐదు వేల పైన అవుతుందని కాగితం మీద రాసిచ్చారు. మేస్త్రి గారు బండి తీసుకుని కాలవ దాకా వెళ్లొచ్చి, నా ఎదురుగానే ఎడమ వైపు కవరు విప్పారు. యాక్టివాకి గేర్లు మార్చే పని మనకుండదు కదా, ఆ పనంతా ఆ కవరు లోపల బెల్టూ, రోలర్లూ చూసుకుంటాయని అప్పుడే తెలిసింది నాకు. బెల్టుని వెనక్కి వంచి చూపించారు, ఎక్కడా పగుళ్లు లేవు. ఆ కవరు లోపలే, బెల్టు తిరిగే ముందు వైపు పుల్లీలో ఆరు చిన్న రోలర్లు ఉంటాయి, బండి స్పీడు పెరిగేకొద్దీ అవి బయటికి జరుగుతూ బెల్టుని పైకి నెడతాయి. గుండ్రంగా ఉండాల్సినవి, మూడు ఒకవైపు బల్లపరుపుగా అరిగిపోయాయి. వాటిని నా చేతిలో పెట్టి, దొర్లించి చూడండి టీచరమ్మా అన్నారు. చిన్నగా తడబడి ఆగిపోయాయి. రోలర్ల సెట్టు మార్చారు, క్లచ్ డ్రమ్ము శుభ్రం చేశారు, లేబరుతో కలిపి ఆ కాగితం మీద రాసిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు. ఆ బెల్టు తర్వాత రెండేళ్ల పైనే నడిచింది.

ఉన్న వస్తువుని పీకి అవతల పారెయ్యడం పనితనం కాదమ్మా అనేవారు. పాత సామాను యజమాని చేతిలో పెట్టకుండా కొత్త సామాను బిగించకూడదు, అది ఆ షాపులో చట్టం. హెల్పర్ కుర్రాళ్లు ఎవరైనా తొందరపడి పాత బ్రేక్ షూలు తుక్కు డబ్బాలో వేస్తే వెతికి తెప్పించి మరీ చూపించేవారు. గేర్ ఆయిల్ సంగతి కూడా ఆయన చెప్తేనే తెలిసింది. స్కూటీలకి ఇంజన్ ఆయిల్ కాకుండా వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ విడిగా ఉంటుంది, చిన్న ట్యూబులో వస్తుంది, చాలాచోట్ల దాని జోలికే పోరు, మనమూ అడగం. మీరు ఎక్కడ సర్వీసు చేయించినా సరే, దాని గురించి ఒకసారి అడగండి.

ఆయనది అమృతలూరు వైపు పల్లె. ఏడో తరగతితో చదువు ఆగింది, ఇంట్లో గడవక గుంటూరులో ఒక సాయిబు గారి దగ్గర పనికి పెట్టారు. మొదటి ఏడాదంతా కిరోసిన్‌లో సామాన్లు కడగడం, పానాలు అందించడమే, పానా చేతికిచ్చింది రెండో ఏడు అని చెప్పేవారు. అప్పుడంతా చేతక్ల కాలం. మా నాన్నగారికీ చేతక్ ఉండేది, పొద్దున్నే ఒకవైపు వంచి కిక్కు కొట్టడం, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం మా ఇంట్లో రోజూ ఉండే పనులే కాబట్టి ఆయన ఆ కబుర్లు చెప్తుంటే నాకు ఇష్టంగా ఉండేది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే బళ్లు కదా, సైలెన్సర్లో మసి పేరుకుని బండి స్పీడు ఎక్కదు. అప్పుడు సైలెన్సర్ని విప్పి మంటలో కాల్చి, కొట్టి, మసి దులిపేవారట. పిస్టన్ అరిగితే లేతు దగ్గర సిలిండర్ని బోరు చేయించి కాస్త పెద్దదైన ఓవర్‌సైజు పిస్టన్ వేయడం, ఆ తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు నలభై దాటి నడపొద్దని యజమానికి నచ్చజెప్పడం. ఈ రెండోదే కష్టం అనేవారు.

తర్వాత స్ప్లెండర్లు వచ్చాయి, ఊరంతా పెట్రోల్లో ఆయిలు కలపక్కర్లేని ఫోర్ స్ట్రోక్ బళ్లే అయింది, ట్యాపెట్లూ టైమింగ్ చైన్లూ నేర్చుకున్నారు. నాకు ఆయన మీద నిజంగా గౌరవం పెరిగింది మాత్రం 2020 తర్వాత. ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి బళ్ల పొగకి బీఎస్ 6 అనే కొత్త నిబంధన వచ్చింది, కార్బొరేటర్ పోయి, సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఎఫ్.ఐ. (ఫ్యూయల్ ఇంజెక్షన్) బళ్లు వచ్చాయి, సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్. చేతిలో పని లేదు, కొత్త బండి వస్తే విప్పడానికి ధైర్యం లేదు. ఆ వయసు మెకానిక్‌లు చాలామంది పాత బళ్లకే పరిమితమైపోయారు, వాళ్లని తప్పు పట్టను. ఈయన మాత్రం యాభై దాటాక, బండికి తగిలిస్తే లోపాన్ని కోడుగా చూపించే స్కానర్ కొన్నారు. దాంట్లో వచ్చేదంతా ఇంగ్లీషు. అప్పుడు పెద్దబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు, రాత్రి అన్నం తిన్నాక వాడిని కూర్చోబెట్టుకుని ఒక్కో కోడుకి అర్థం అడిగి తెలుగులో నోటుబుక్‌లో రాసుకున్నారు. కొన్ని బళ్లలో మీటరు మీద పసుపు లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరిందో లెక్కపెడితే లోపం ఎక్కడో తెలుస్తుంది, ఆ లెక్కలన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. నేను చూశాను ఆ పుస్తకం. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులుంటాయి, కానీ నా పిల్లల నోట్సుల్లో కూడా అంత శ్రద్ధ అరుదుగా చూశాను.

ఇంకో పుస్తకం బళ్ల లెక్కది. అందులో మనుషుల పేర్లుండవు, బండి నంబర్లో చివరి నాలుగంకెలే. పాత పేజీల్లో అన్నీ ఏపీ 07లు, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చేసరికి ఒకే నాలుగంకెలతో రెండు బళ్లు తగులుతున్నాయని పక్కన రంగు కూడా రాయడం మొదలుపెట్టారు. ఎప్పుడు ఆయిల్ మార్చారు, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, తర్వాత చూడాల్సింది ఏంటి, అన్నీ ఉంటాయి. ఆయిల్ మార్చే టైమ్ కాలేదు, ఇంకో నెల ఆగి రండి అని వెనక్కి పంపిన మెకానిక్‌ని మీరు ఎక్కడైనా చూశారా? నన్ను పంపారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్క వాళ్ల స్కూటీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తగ్గగానే అక్క స్టార్ట్ చేసి చూద్దామంటుంటే నేను మేస్త్రి గారికి ఫోన్ కలిపాను. ఆయన మొదటి మాటే, బటన్ నొక్కొద్దు, కిక్కు కూడా కొట్టొద్దు, తాళం తీసి ఇంట్లో పెట్టమనండి అన్నారు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్‌కి వాటిని నొక్కడం సాధ్యం కాదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అప్పుడు వేలల్లో పని. ట్రాలీ ఆటోలో తెనాలి తెప్పించాం. ప్లగ్గు తీసి నీళ్లు కార్చారు, ఆయిల్ దించితే పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చింది. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపించి అదీ దించేసి మళ్లీ పోశారు. బెల్టు వైపు కవరు, బ్రేకు డ్రమ్ములు, వైరింగ్ సాకెట్లు, అన్నీ విప్పి ఆరబెట్టారు. అలాంటి బళ్లు ఆ వారం ఆ సందులో వరసగా ఉన్నాయి, తెనాలి వాళ్ల చుట్టాలవి, చుట్టాల చుట్టాలవి. వరద బళ్లకి లేబరు తీసుకోలేదాయన. ఆయిల్‌కీ సామాన్లకీ ఎంతయితే అంతే. మా అక్క బలవంతంగా ఇవ్వబోతే, మీ ఇంట్లో పరుపులూ బియ్యం కూడా పోయుంటాయి కదమ్మా, ముందు అవి చూసుకోండి అన్నారు. ఆ వారం ఆయనకి వచ్చే ఆదాయం పోయినట్టే, నలుగురు కుర్రాళ్లకి కూలి మాత్రం జేబులోంచి ఇచ్చారు.

ఇంటి గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు, కానీ చూస్తే తెలిసిపోయేది. గోడ మీద ఫోన్‌పే స్టిక్కర్ స్కాన్ చేస్తే వచ్చేది ఆయన భార్య పేరు. డబ్బు నా చేతికొస్తే సామాన్లకి పోతుంది, ఆవిడ చేతికెళ్తే పిల్లల ఫీజుకి వెళ్తుంది అని చెప్పారొకసారి, నవ్వుతూనే చెప్పారు గానీ అది ఆలోచించి చేసిన ఏర్పాటు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆవిడ క్యారియర్ తెచ్చేవారు, ఆయన ఒక్కరికీ కాదు, కుర్రాళ్లకీ కలిపి. రాత్రి ఎనిమిదికి షట్టరు పడాల్సిందే, ఎంత పెద్ద మనిషి బండి ఉన్నా సరే. చేతులు కిరోసిన్‌తో ఒకసారి, సర్ఫ్‌తో ఒకసారి కడుక్కుని, మార్కెట్లో అమ్మాయికి ఇష్టమైనవేవో కొనుక్కుని ఇంటికెళ్లేవారు. అమ్మాయి పదో తరగతి అయ్యాక ఎంపీసీనా, బైపీసీనా అని నన్ను అడగడానికి వచ్చినప్పుడు, తను ఏమనుకుంటోందో అడిగారా అంటే, అడిగానమ్మా, అది చెప్పిందే చేద్దామనుకుంటున్నా, అది సరిగ్గా ఆలోచించిందో లేదో మీరు ఒకసారి మాట్లాడి చెప్తే చాలు అన్నారు. అంత చదువుకున్నవాళ్లం, మాలో ఎంతమంది తండ్రులు అలా అంటారో నాకు తెలుసు, రోజూ పేరెంట్స్‌తో మాట్లాడేదాన్నే కదా. అమ్మాయి బైపీసీ తీసుకుని ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

దసరాకి పానాలన్నీ తోమి వరసగా పేర్చి పూజ చేసేవారు, కుర్రాళ్లకి కొత్త బట్టలు. ఏడాదంతా పోగైన తుక్కు అమ్మగా వచ్చిన డబ్బు కూడా ఆ రోజు వాళ్లే పంచుకునేవారు. మన తెనాలిలో ఇనప తుక్కుకి విలువ తెలియని వాళ్లుండరు, సూర్య శిల్పశాల వాళ్లు నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే ఊరు ఇది, 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం చేస్తే దేశమంతా చూసింది. ఆ తుక్కు డబ్బు యజమాని జేబులోకి పోకుండా కుర్రాళ్లకి పోవాలని పెట్టుకున్నది మాత్రం ఈయన సొంత లెక్క. ఆయన దగ్గర నేర్చుకుని సొంత షాపులు పెట్టుకున్నవాళ్లు చెంచుపేటలో ఒకరు, దుగ్గిరాలలో ఒకరు ఉన్నారు. సామాను అయిపోతే వాళ్లకి ఇక్కడి నుంచే వెళ్లేది, అక్కడి నుంచి ఇక్కడికీ వచ్చేది.

ఇక ఇప్పటి సంగతి. ఆయన పోయిన రోజుకి షాపులో రెండు బళ్లు ఇంజన్ విప్పి ఉన్నాయట. పెద్దకర్మ అయిన మర్నాడు పెద్దబ్బాయి షట్టరు తీసి ముందు ఆ రెండూ బిగించాడు, లేబరు వద్దన్నాడు, నాన్న మొదలుపెట్టిన పని అని. అప్పుడే అనుకున్నాను నా బండి ఇక్కడే ఉంటుందని.

అబ్బాయి పని శుభ్రంగా ఉంటుంది. ఎఫ్.ఐ. బళ్లలో తండ్రి కంటే చురుకు, ఆ మాట ఆయనే అనేవారు. పాత సామాను చేతిలో పెట్టే అలవాటు పోలేదు. నా బండి బ్రేకులకి ముందు చక్రం షూలు అరిగాయని చూపించి మార్చాడు, వెనకవి ఇంకా నడుస్తాయని వదిలేశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. సామాన్లకి డబ్బా మీద ఉన్న ఎంఆర్‌పీనే. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి సామాన్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, పాత స్టాకు మీద పాత ధర ఉన్నా తగ్గించి తీసుకుంటున్నాడు, నేను అడక్కుండానే. జనరల్ సర్వీసుకి లేబరు నా దగ్గర మూడొందల యాభై తీసుకున్నాడు. ఆడవాళ్లు వస్తే కూర్చోవడానికి కుర్చీలు వేశాడు, ఇంతకుముందు పాత సీటు మీదే కూర్చునేవాళ్లం.

మార్కు ఎందుకు తగ్గించానంటే, ఒకటి, చెప్పిన టైముకి బండి ఇవ్వలేకపోతున్నాడు. మేస్త్రి గారు సాయంత్రం ఆరంటే ఆరే. ఇప్పుడు ఎనిమిది అవుతోంది, ఆలస్యమవుతుందని ఫోన్ కూడా రాదు, మనమే చేసి కనుక్కోవాలి. మనిషి ఒక్కడు తగ్గాడు, వచ్చే బళ్లు తగ్గలేదు, కారణం నాకు అర్థమవుతుంది, అయినా బడికి వెళ్లాల్సిన వాళ్లకి ఇబ్బందే. రెండోది, మాటలు తక్కువ. తండ్రి అయితే ఎందుకు అరిగింది, ఇంకోసారి అరగకుండా ఏం చేయాలి, అన్నీ చెప్పేవారు. ఇతను చూపిస్తాడు, మనం అడిగితేనే చెప్తాడు. అడిగితే మాత్రం విసుక్కోడు. కాబట్టి అడగండి. వాటర్ వాష్ ఇక్కడ లేదు, పక్క సందులో చేయించుకోవాలి. ఎలక్ట్రిక్ బళ్లు చూడరు, బ్రేకులూ టైర్ల పనయితే చేస్తారు, బ్యాటరీ మోటారు జోలికి వెళ్లరు, ఆ మాట ముందే చెప్పేస్తారు. బిల్లు కావాలంటే తెల్ల కాగితం మీద రాసిస్తారు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పనులకి అది పనికిరాదు, వాటికి షోరూమ్‌కే వెళ్లాలి.

వెళ్లే వాళ్లకి ఒక మాట. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా పాలవాళ్ల బళ్లు ఉంటాయి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాలు పోసి తిరిగి వెళ్తూ చూపించుకుంటారు, సాయంత్రం పాలకి మళ్లీ బండి కావాలి కాబట్టి ముందు వాళ్లవే చేస్తారు, అది మేస్త్రి గారి కాలం నుంచి ఉన్న పద్ధతే, గొడవపడొద్దు. మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్తే తీరిగ్గా చూస్తారు. పెద్ద పని ఉంటే శనివారం వద్దు, ఆదివారం ఒంటిపూటే తీస్తారు కాబట్టి సోమవారం దాకా బండి అక్కడే ఉండిపోతుంది. ఇంతకుముందు అక్కడ చూపించిన బండి అయితే నంబరు చివరి నాలుగంకెలు చెప్పండి, పుస్తకంలో మీ బండి సంగతంతా ఉంటుంది.